షియా వెన్న, ఇప్ప నూనె, చలికాలపు మడమలు

గత రెండు నెలలుగా ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో అయిదు ఒకే వస్తువు చుట్టూ తిరిగాయి. ‘షియా బటర్’ అని డబ్బాపై ముద్రించి అమ్ముతున్న లేపనం నిజంగా చర్మానికీ జుట్టుకూ మేలు చేస్తుందా అని ఇద్దరు సోదరీమణులు అడిగారు. అది రాసుకున్న తరువాత వుజూ నెరవేరుతుందా అని ఒక యువకుడు అడిగాడు. అందులో జంతువుల కొవ్వు ఉంటుందేమోనని ఒక పెద్దాయన సందేహం. అయిదవ ఉత్తరం ఒక తల్లి రాసినది. ఆమె కుమార్తెకు సంబంధాలు చూస్తున్నారు. వచ్చినవారు పిల్లది చామనఛాయ అని వెనక్కి పోతున్నారు. ఈ వెన్న మూడు నెలలు రాస్తే రంగు తేలుతుందని అమ్మకందారు చెప్పాడట. ధర ఎక్కువైనా కొనమంటారా అని ఆమె ప్రశ్న. మిగిలిన నాలుగు ఉత్తరాలకు నాలుగు వాక్యాలలో జవాబు రాసి పంపేవాళ్లమేమో గాని, ఆ తల్లి ఉత్తరం చదివాక విషయాన్ని మొదటి నుండి చెప్పడమే మంచిదనిపించింది.

మేము వైద్యులం కాము; మదరసాలో ఫిఖ్హ్ బోధించేవాళ్లం. కాబట్టి ఆరోగ్యానికి సంబంధించిన మాటలను చర్మవైద్యులు సాధారణంగా అంగీకరించే మేరకే చెబుతాము.

ముందుగా పేరు సంగతి. మా విద్యార్థి ఒకడు ఈ డబ్బాను చూసి, “హజ్రత్, ఇది షియా వర్గం వారు చేసే వెన్నా?” అని అడిగి తరగతినంతా నవ్వించాడు. పేరు కలవడం కేవలం యాదృచ్ఛికం. పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశంలో బంబారా భాష మాట్లాడేవారు ఒక చెట్టును ‘సీ’ అంటారు. ఆ మాట ఇంగ్లీషువారి నోట ‘షియా’ అయింది. ఫ్రెంచివారు అదే చెట్టును ‘కరితే’ అంటారు. సహారా ఎడారికి దక్షిణాన, సెనెగల్ నుండి యుగాండా దాకా పరచుకొన్న గడ్డిమైదానాలలో అది పెరుగుతుంది. దానిని తోటలుగా నాటడం అరుదు. రైతులు పొలం దున్నేటప్పుడు ఆ చెట్లను నరకకుండా వదిలేస్తారు. వాటి నీడన జొన్న, సజ్జ పండించుకొంటారు. కాపుకు రావడానికి పదిహేను ఇరవై సంవత్సరాలు పడుతుంది. తాత వదిలిన చెట్టు ఫలం మనుమరాలికి అందుతుందన్నమాట.

మనలో చాలామంది ఇబ్న్ బతూతా పేరు విన్నారు. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేసిన మొరాకో యాత్రికుడాయన. భారతదేశం నుండి తిరిగి వెళ్లిన తరువాత హిజ్రీ 753లో, అంటే 1352లో, ఆయన ఎడారి దాటి మాలి రాజ్యానికి ప్రయాణమయ్యాడు. దారిలో చూసిన ఒక చెట్టును ‘గర్తీ’ అన్న పేరుతో తన యాత్రాగ్రంథంలో వర్ణించాడు. దాని పండు రేగిజాతి పండులా తియ్యగా ఉంటుందట. లోపలి గింజను దంచి నూనె తీస్తారట. ఆ నూనెతో వంట చేస్తారు, దీపాలు వెలిగిస్తారు, పిండివంటలు వేయిస్తారు, ఒంటికి రాసుకొంటారు, ఒక రకం మట్టిలో కలిపి ఇళ్లకు పూత కూడా పూస్తారని ఆయన చెప్పాడు. ఆ గర్తీయే నేటి షియా అని పండితుల అభిప్రాయం. ఈ వెన్నను ఇటీవలి కంపెనీలు కనిపెట్టిన కొత్త వింతగా ప్రకటనలు చూపిస్తాయి గాని, బుర్కినా ఫాసో దేశంలోని కిరికోంగో అనే చోట తవ్వకాలలో దొరికిన షియా గింజల పెంకులు దాదాపు క్రీ.శ. 100 నాటివని పురావస్తు శాస్త్రజ్ఞులు తేల్చారు. దాదాపు పందొమ్మిది వందల సంవత్సరాలుగా అక్కడి స్త్రీలు ఈ పని చేస్తూనే ఉన్నారు.

ఆ పని తేలికైనది కాదు. రాలిన పండ్లను తెల్లవారకముందే వెళ్లి ఏరాలి. గుజ్జు తిని లేదా తీసి, గింజలను ఉడకబెట్టి, ఎండబెట్టి, పెంకు పగులగొట్టి పప్పు తీయాలి. పప్పును దంచి, వేయించి, ముద్దగా నూరాలి. ఆ ముద్దలో నీళ్లు పోస్తూ గంటల తరబడి చేత్తో గిలకొట్టాలి. మన ఇళ్లలో పెరుగు చిలికితే వెన్న పైకి తేలినట్లే కొవ్వు తెల్లగా తేలుతుంది. దానిని తీసి, కాచి, వడబోసి, చల్లారనిస్తే గట్టిపడుతుంది. అలా చేసిన వెన్న లేత పసుపు లేదా ఏనుగుదంతం రంగులో ఉండి కొంచెం పొగ వాసన, గింజల వాసన కొడుతుంది. యంత్రాలలో శుద్ధి చేసినది మల్లెపువ్వులా తెల్లగా, ఏ వాసనా లేకుండా ఉంటుంది. దుకాణంలో వాసన చూసి “ఇది పాడైందేమో” అని తెల్లనిదానినే ఎంచుకొనేవారు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఇక మేలు సంగతి. ఈ వెన్నలో ఎక్కువ భాగం రెండు కొవ్వు ఆమ్లాలు. ఒకటి ఓలియిక్ ఆమ్లం. మన జైతూన్ నూనెలో అధికంగా ఉండేది అదే. రెండవది స్టియరిక్ ఆమ్లం. వెన్నను గట్టిగా ఉంచేది అది. ఈ రెండింటి కలయిక వల్ల ఇది గిన్నెలో గట్టిగా ఉండి, అరచేతుల మధ్య రుద్దగానే ఒంటి వేడికి కరిగిపోతుంది. వీటికి తోడు సబ్బుగా మారని భాగం మామూలు వంటనూనెలలో కంటే ఇందులో చాలా ఎక్కువ. చర్మపు మంటను కొంత తగ్గించే గుణం ఈ భాగానిదేనని చెబుతారు. శుద్ధి చేసినప్పుడు ఇందులో కొంత పోతుంది.

అయితే చర్మానికి జరిగే ప్రధానమైన ఉపకారం చాలా సాదా విషయం. మన చర్మపు పై పొర ఇటుకల గోడ వంటిది. ఇటుకల మధ్య సహజమైన కొవ్వు సున్నంలా పనిచేసి లోపలి తేమను బయటికి పోనివ్వదు. చలిగాలి, వేడినీళ్లు, సబ్బు ఆ సున్నాన్ని కరిగిస్తాయి. గోడలో సందులు ఏర్పడి తేమ ఆవిరవుతుంది. చర్మం పొడిబారి, దురద పుట్టి, పగులుతుంది. పైన ఏదైనా మంచి కొవ్వు రాస్తే ఆ సందులు మూసుకొంటాయి. షియా వెన్న ఈ పనిని బాగా చేస్తుంది. కొబ్బరి నూనె కూడా చేస్తుంది. తేమను ఆపడంలో మామూలు వాసెలిన్ వీటన్నిటికంటే గట్టిది, ధరలో తక్కువది కూడా. ఈ మాట షియా అమ్మేవారికి రుచించదు గాని, ఇంటి ఖర్చు చూసుకొనేవారికి తెలియాలి. షియా ప్రత్యేకత ఏమిటంటే వాసెలిన్ లాగా జిడ్డుగా పైన నిలిచిపోకుండా చర్మంలో ఇంకినట్లు హాయిగా ఉంటుంది. చేతులకు, మోచేతులకు, పెదవులకు, పిక్కలకు రాసుకొన్నవారు దానిని ఇష్టపడడం సహజమే.

మొటిమలు వచ్చే ముఖానికి మాత్రం దీనిని దట్టంగా పూయకూడదు. గజ్జి, తామర, ఎగ్జిమా వంటి వ్యాధులకు ఇది మందు కాదు; వైద్యుడు ఇచ్చిన మందుకు తోడుగా పొడితనాన్ని తగ్గిస్తుంది, అంతే. ఎండ నుండి కాపాడుతుందని రాసి అమ్మేవారున్నారు. ఆ గుణం ఇందులో ఉన్నా బహు స్వల్పం. మే నెల ఎండలో దానిని నమ్ముకొని తిరగడం అవివేకం. మొదటిసారి వాడేవారు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడాలి.

ఈ విషయమంతటిలో మాకు బాగా అనుభవమున్న భాగం మడమలు. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలపు పెద్ద చెరువు మా ఊరికి పేరు తెచ్చింది; ఆ చెరువు మీదుగా వచ్చే గాలి డిసెంబరు, జనవరి నెలల్లో ఫజ్ర్ వేళకు ఎముకలు కొరుకుతుంది. మా మదరసా పిల్లలు హౌజు దగ్గర వరుసగా కూర్చొని వుజూ చేసేటప్పుడు వారి కాళ్లు చూస్తే జాలి వేస్తుంది. రోజుకు అయిదుసార్లు కాళ్లు తడవడం, సరిగా తుడవకుండా చెప్పుల్లో దూర్చడం, సిమెంటు నేల మీద నడవడం. జనవరి వచ్చేసరికి సగంమంది మడమలు బీటలు వారతాయి. కొందరికి నెత్తురు కూడా వస్తుంది. ఇళ్లలో మన తల్లులు, దాదీలు, నానీల పరిస్థితి ఇంతకంటే భిన్నం కాదు. వారికి వుజూతో పాటు గిన్నెలు తోమే సబ్బునీరు, బట్టలు ఉతికే సోడా తోడవుతాయి. వారి మడమలను ఎవరూ చూడరు.

కొందరు ఈ పగుళ్లకు భయపడి చలికాలంలో మడమలను తడిపీ తడపనట్లు కానిచ్చేస్తారు. అది తగదు. మడమలను పొడిగా వదిలేయడం గురించి దైవప్రవక్త (స) ఎంత కఠినంగా హెచ్చరించారో మనకు తెలుసు. అలాగని శరీరాన్ని గాయపరచుకొని ఆరాధించమని ధర్మం చెప్పలేదు. మన మదరసాలలో పిల్లలకు మొదట బోధించే హనఫీ గ్రంథాలలో ఒకటైన నూరుల్ ఈజాహ్‌లో ఈ సమస్యకు నేరుగా జవాబు ఉంది. పాదాల పగుళ్లను కడగడం హాని చేసేటట్లయితే, వాటిలో పెట్టిన మందు మీదుగా నీటిని పారిస్తే చాలు. ఈ మాట ఆ గ్రంథంలో ఉందంటే ఆనాటి ఫుఖహాలు కూడా పగిలిన మడమలు చూసినవారే. పదిహేడవ శతాబ్దపు కైరో నగరంలోనూ జనం మనలాగే బాధపడ్డారన్నమాట.

ఇదే ఆ యువకుని ప్రశ్నకు దారి చూపుతుంది. వుజూలో కడగవలసిన అవయవాల చర్మానికి నీరు తగలాలి. మైనం, గోళ్లరంగు, ఎండిపోయిన గోధుమపిండి వంటివి చర్మానికీ నీటికీ మధ్య అడ్డుపొరగా నిలుస్తాయి కాబట్టి వాటిని తొలగించాలి. నూనె అటువంటిది కాదు. నూనె రాసిన చేతిపై నీరు నిలువకుండా జారిపోయినా, అది చర్మం మీదుగా పారినట్లే. గోరింటాకు ముద్ద అడ్డం, గోరింటాకు రంగు అడ్డం కాదు అన్నది ఎంత తేలికగా అర్థమవుతుందో ఇదీ అంతే. షియా వెన్నను చేతుల మధ్య రుద్ది కరిగించి పలుచగా రాసినప్పుడు అది నూనెతో సమానం. వుజూకు భంగం లేదు. చలికి గట్టిపడిన ముద్ద వేళ్ల సందులలోనో, మడమ బీటలోనో అతుక్కొని ఉంటే మాత్రం గుడ్డతో తుడిచివేసి నీరు పోయాలి, పగులులో మందుగా పెట్టవలసిన అవసరం ఉండి, కడిగితే హాని కలిగే స్థితి ఉంటే తప్ప. ఇతర మస్లక్‌లకు చెందిన పాఠకులు తమ ఆలిమ్‌ను సంప్రదించవచ్చు.

మేము మదరసాలో పాటించే పద్ధతి ఇది. ఇషా నమాజు ముగిశాక పిల్లలు గోరువెచ్చని నీటిలో కాళ్లు అయిదు పది నిమిషాలు ఉంచుతారు. సలసల మరిగే నీరు వాడనివ్వము. అది ఉన్న కొవ్వును కూడా లాగేస్తుంది. తరువాత రుద్దకుండా అద్ది తుడుచుకొని, చర్మం ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే కొవ్వు రాసుకొని, నూలు మేజోళ్లు వేసుకొని పడుకొంటారు. ఈ చెమ్మ సంగతి చాలామందికి తెలియదు. పూర్తిగా ఎండిపోయిన మడమకు ఎంత ఖరీదైన వెన్న రాసినా లోపల ఆపడానికి తేమే ఉండదు. పడుకొనే ముందు రాస్తే ఫజ్ర్ నాటికి అది ఇంకిపోతుంది, వుజూ గురించి సందేహమూ మిగలదు. పెద్దవాళ్ల విషయంలో ఒక జాగ్రత్త: జిడ్డు కాళ్లతో స్నానాలగదిలోని నున్నటి టైల్స్ మీద నడవనివ్వకండి. మడమ కోసం తుంటి ఎముక పోగొట్టుకొన్నవారు ఉన్నారు.

మడమ చర్మం బాగా మందమై, చెక్కలా గట్టిపడితే ఒట్టి కొవ్వు చాలదు. యూరియా కలిసిన క్రీము అవసరమవుతుంది. వైద్యుడిని అడిగి వాడాలి. బ్లేడుతో చెక్కుకోవడం మానాలి. షుగర్ వ్యాధి ఉన్నవారికి పగిలిన మడమ చిన్న విషయం కానే కాదు. వారి పాదాలకు స్పర్శ తగ్గి ఉంటుంది, పగులులో చీము పట్టినా తెలియదు. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దలుంటే వారానికొకసారి వారి అరికాళ్లను పిల్లలే పట్టుకొని వెలుతురులో చూడాలి. పుండు కనిపిస్తే వెన్న డబ్బా పక్కనపెట్టి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

జుట్టు గురించి చెప్పవలసింది తక్కువ. తలకు నూనె రాసుకోవడం, జుట్టును చక్కగా ఉంచుకోవడం ప్రవక్త (స) వారి అలవాటుగా హదీసుల ద్వారా మనకు తెలుసు. షియా వెన్న వెంట్రుక చుట్టూ పలుచని పొరగా నిలిచి, పొడిబారిన, చిక్కుపడే, ఉంగరాల జుట్టును మెత్తబరుస్తుంది. దువ్వేటప్పుడు తెగడం తగ్గుతుంది. హిజాబు కింద రోజంతా ఒరుసుకొని కొసలు చిట్లిపోయే జుట్టుకు శనగగింజంత వెన్న చాలు, అదీ కొసలకే. కొత్త వెంట్రుకలు మొలిపించే శక్తి దీనికి లేదు. చుండ్రు ఉన్నవారు మాడుకు అసలు రాయకూడదు. చుండ్రుతో కూడి ఉండే శిలీంధ్రం కొవ్వును తినే బతుకుతుంది.

ఇక్కడ ఆ తల్లి ఉత్తరానికి జవాబు చెప్పాలి. అమ్మా, రంగు కోసమే అయితే కొనవద్దు. చర్మపు రంగు మెలనిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. దానిని ఏ వెన్నా మార్చదు. పొడిబారిన చర్మం బూడిద పట్టినట్లు ఉంటుంది, దానికి కొవ్వు రాస్తే నిగనిగలాడుతుంది. ఆ నిగారింపును చూపించి ‘రంగు తేలింది’ అని అమ్మేవారు నమ్మిస్తారు. ఈ వెన్నను పందొమ్మిది వందల ఏళ్లుగా తయారు చేస్తూ, నిత్యం ఒంటికి రాసుకొంటూ వచ్చిన స్త్రీలు నల్లనివారు. వారి చర్మం మెరుపును లోకమంతా మెచ్చుకొంటుంది. వారి చేతి చెమటతో తయారైన దానినే తెచ్చి, నలుపు పోగొడుతుందని మన పిల్లలకు అమ్మడం ఎంత వింత!

నిజంగా కొన్ని వారాలలో తెల్లబరచే క్రీములు కొన్ని ఉన్నాయి. భయపడవలసింది వాటికే. వాటిలో కొన్నింటిలో పాదరసం, కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కొందరికి మూత్రపిండాల వ్యాధి ఎందుకు వచ్చిందో వెతికిన వైద్యులు, చివరికి వారు వాడిన తెల్లబరచే క్రీముల దగ్గర తేలారు. మలప్పురం ముస్లిం కుటుంబాలు అధికంగా ఉండే జిల్లా. తయారీదారు పేరు, చిరునామా లేని డబ్బా ఏదైనా సరే, ఎవరు గల్ఫ్ నుండి తెచ్చినా సరే, పిల్ల ముఖానికి రాయనివ్వకండి. ఇక ఆ చూడవచ్చినవారి మాట. తెల్లవానికి నల్లవానిపై ఆధిక్యం లేదన్న బోధను ఖుత్బాలో విని తల ఊపి, ఇంటికి వచ్చి పిల్ల రంగు కొలిచేవారు మీ గడప తొక్కకుండా పోవడం మీకు జరిగిన నష్టమని మేము అనుకోము.

ఇప్పుడు మన దేశపు చెట్టు సంగతికి వద్దాము. షియా చెట్టు సపోటా కుటుంబానికి చెందినది. సపోటా పండు లోపలి నల్లగా మెరిసే గింజను చూసినవారు షియా గింజను ఊహించుకోగలరు. అదే కుటుంబంలో మన అడవులకు చెందిన ఒక చెట్టు ఉంది: ఇప్ప. ఉర్దూలో మహువా. షియాకు ఇది దగ్గరి చుట్టం. దీని గింజలో కూడా మూడో వంతుకు పైగా నూనె ఉంటుంది. ఆ నూనె చలికాలంలో నెయ్యిలా పేరుకొంటుంది, ఒంటి వేడికి కరుగుతుంది. ఓలియిక్, స్టియరిక్ ఆమ్లాలు ఇందులోనూ ఉన్నాయి. సబ్బుగా మారని భాగం మాత్రం షియాలో కంటే తక్కువ. ఆదిలాబాద్ గోండులు, ఖమ్మం, భద్రాచలం అడవుల కోయలు తరతరాలుగా దీనిని వంటకు, దీపానికి, ఒంటికి, పగిలిన కాళ్లకు వాడుతూ వచ్చారు. ఇది నేతిని ఎంతగా పోలి ఉంటుందంటే, పూర్వం నేతిలో కల్తీకి కూడా వాడేవారు.

ఇప్ప పూత మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలుతుంది. గింజలు జూన్, జులైలో వస్తాయి. ఆఫ్రికాలో వలెనే ఇక్కడా తెల్లవారకముందే బుట్టలు పట్టుకొని వెళ్లి ఏరేది స్త్రీలే. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ దళారుల బెడద తగ్గించడానికి ఇటువంటి అటవీ ఉత్పత్తులను కొనడం మొదలుపెట్టింది. ఉట్నూరు ప్రాంతంలో మహిళా సంఘాలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నాయి. ముడిసరుకు ఏరేవారికి చిల్లర, డబ్బాలో నింపేవారికి రూపాయలు అన్న బాధ అక్కడా ఇక్కడా ఒకటే. షియా గింజలు అత్యధికంగా పండే నైజీరియా 2025 ఆగస్టులో ముడి గింజల ఎగుమతిని ఆరు నెలలపాటు ఆపివేసింది. వెన్న తమ దేశంలోనే తీయాలన్నది వారి ఉద్దేశం.

ఇప్ప అనగానే మన ఇళ్లలో ముఖాలు ముడుచుకొంటాయని మాకు తెలుసు. ఇప్పసారా గుర్తుకు వస్తుంది. కాని సారా కాచేది పువ్వును పులియబెట్టి. నూనె వచ్చేది గింజ నుండి. వీటి రెండింటికీ సంబంధం లేదు. పువ్వు కూడా పులియనంతవరకు తియ్యని ఆహారమే. ద్రాక్షతో మద్యం చేస్తారని మనం కిస్‌మిస్ మానుకోలేదు, ఖర్జూరంతోనూ చేస్తారని ఇఫ్తార్‌లో ఖర్జూరం మానుకోలేదు. కాబట్టి ఇప్ప నూనె ఒంటికి రాసుకోవడానికి సంకోచించవలసిన పని లేదు. వాసన ఘాటుగా ఉంటుంది, అది నిజమే. మేజోళ్ల లోపలి మడమకు ఆ వాసన పెద్ద అడ్డంకి కాదు. గానుగ చెక్కను మాత్రం ఇంట్లో పశువులకు గాని కోళ్లకు గాని వేయకండి. అందులోని సపోనిన్లు విషపూరితం. చేపల చెరువులలో అక్కరలేని చేపలను చంపడానికి దానిని వాడతారు.

నగర దుకాణాలలో ఇప్ప నూనె షియా అంత సులువుగా దొరకదు. ఆదిలాబాద్ వైపో భద్రాచలం వైపో చుట్టాలున్నవారు అడిగి తెప్పించుకోవచ్చు. వర్షాకాలం తరువాత తీసిన కొత్త నూనె మేలు. పాతబడితే కారు వాసన వస్తుంది, అది చర్మానికి మంట పుట్టిస్తుంది.

షియాయే కొనదలచినవారు డబ్బా ముందువైపు బొమ్మను కాక వెనుకవైపు చిన్న అక్షరాలను చదవాలి. అక్కడ షియా వెన్న ‘బుటిరోస్పెర్మమ్ పార్కీ’ అన్న శాస్త్రీయ నామంతో ఉంటుంది. 1796 ప్రాంతంలో మాలి మీదుగా వెళ్లి ఈ చెట్టును యూరప్‌కు పరిచయం చేసిన స్కాట్లండ్ యాత్రికుడు ముంగో పార్క్ పేరు అది. ఇబ్న్ బతూతా నాలుగు శతాబ్దాల ముందే రాసినా చెట్టుకు ఆయన పేరు దక్కలేదు. ఏ పదార్థం ఎక్కువ ఉంటే అది ముందు రాస్తారు. పార్కీ పేరు పరిమళ ద్రవ్యం తరువాత చివరలో ఎక్కడో కనిపిస్తే ఆ డబ్బాలో ఉన్నది నామమాత్రం; మీరు నీటికీ మైనానికీ షియా ధర చెల్లిస్తున్నారు.

పెద్దాయన సందేహానికి జవాబు కూడా అక్కడే ఉంది. షియా వెన్న చెట్టు గింజ నుండి వచ్చేదే. కలపకుండా అమ్మే వెన్నలో జబీహా ప్రశ్న తలెత్తదు. దానితో చేసిన క్రీములలో కలిసే గ్లిజరిన్, స్టియరిక్ ఆమ్లం మాత్రం వృక్షాల నుండి గాని జంతువుల నుండి గాని తీయవచ్చు. పెట్టెపై ఆకుపచ్చ చుక్క గాని, హలాల్ ధ్రువీకరణ గాని ఉన్నది ఎంచుకొంటే మనసుకు నెమ్మది. అన్నిటికంటే తేలిక దారి, ఒకే ఒక్క పదార్థం రాసి ఉన్న డబ్బా కొనడం. మూత బిగించి, ఎండ తగలని చోట, తడి చేయి పెట్టకుండా వాడుకొంటే ఒక చలికాలానికి నలుగురున్న ఇంటికి రెండు వందల గ్రాములు సరిపోతాయి. వేసవిలో కరిగి మళ్లీ గడ్డకట్టి ఇసుకలా పలుకులు పలుకులుగా తగిలితే పారవేయకండి. డబ్బాను గోరువెచ్చని నీటి గిన్నెలో ఉంచి పూర్తిగా కరిగించి, వెంటనే చల్లని చోట పెడితే మళ్లీ నున్నగా వస్తుంది.